పసిపిల్లల తోటకు పాదు తీసిన ఫ్రోబెల్

మన ఇళ్ళలో ఎల్.కె.జి., యు.కె.జి. అనే మాటలు తెలియనివారు లేరు. చదువురాని అవ్వ కూడా మనుమడు ఎల్.కె.జి.లో చేరాడని పదిమందికీ చెప్పుకుంటుంది. ఆ కె.జి. అంటే కిండర్‌గార్టెన్ అనీ, అది జర్మను మాట అనీ, పిల్లల తోట అని దాని అర్థమనీ కొందరికి తెలుసు. ఆ పేరు పెట్టిన మనిషి ఒక సంఘ కాపరి కొడుకనీ, తొమ్మిది నెలల ప్రాయంలోనే తల్లిని పోగొట్టుకున్నాడనీ, వృద్ధాప్యంలో నాస్తికుడనే నిందకు గురై తన బడుల మీద నిషేధం పడడం కళ్ళారా చూశాడనీ తెలిసినవారు బహు తక్కువ. శతవార్షికోత్సవ సంచికలో దేవాలయాల చరిత్రలు, సంఘ పెద్దల చరిత్రలు రాయడానికి తగినవారు చాలామంది ఉన్నారు. చాలాకాలం చిన్న తరగతులకు పాఠాలు చెప్పినవాణ్ణి గనుక, నేను ఈ ఒక్క జీవితాన్ని ఎంచుకున్నాను.

జర్మనీ దేశంలోని థురింగియా కొండ ప్రాంతంలో ఓబర్‌వైస్‌బాహ్ అనే పల్లె ఉంది. అక్కడ 1782 ఏప్రిల్ 21న ఫ్రెడరిక్ ఫ్రోబెల్ పుట్టాడు. తండ్రి యోహాన్ యాకోబ్ ఫ్రోబెల్ ఆ ఊరి లూథరన్ కాపరి. ఆరుగురు సంతానంలో ఇతడు కడసారివాడు. 1783 ఫిబ్రవరిలో తల్లి చనిపోయింది. తండ్రి చేతికింద ఆరేడు పల్లెల్లో చెదిరి ఉన్న దాదాపు 5,000 మంది విశ్వాసులు ఉన్నారు. ప్రసంగాలు, పెళ్ళిళ్ళు, సమాధి కార్యక్రమాలు, తగవుల తీర్పులు, వీటితోనే ఆయనకు పగలూ రాత్రీ సరిపోయేది. ఆయన నిష్ఠ గల సేవకుడు, కష్టపడే మనిషి. ఆ సంగతి కొడుకు కూడా కడవరకు ఒప్పుకున్నాడు. అయితే ఇంట్లో ఉన్న పసివాడికి మాత్రం తండ్రి దొరకలేదు. వాణ్ణి దాసీలు, పెద్దన్నలు చూసేవారు.

1785లో తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మారుటి తల్లి మొదట్లో బిడ్డను దగ్గరకు తీసింది. మూడేళ్ళవాడు ఆమెను అంటిపెట్టుకుని తిరిగాడు. తరువాత ఆమెకు సొంత కొడుకు కలిగాడు. అప్పటినుంచి ఆమె మనసు మారింది. జర్మను భాషలో మనలాగే ఆత్మీయులను పిలిచే పిలుపు వేరు, దూరంవాళ్ళను పిలిచే పిలుపు వేరు. అంతవరకు నువ్వు అని పిలిచిన ఆ తల్లి, ఎదుట నిలబడ్డ పిల్లవాడిని పట్టుకుని, ఎవరో పరాయి పనివాడిని గురించి చెప్పినట్టు, అతడు ఇది చేయాలి, అతడు అక్కడికి వెళ్ళాలి అనడం మొదలుపెట్టింది. తెలుగువాళ్ళకు ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు. పిలుపు మారితే వరస మారినట్టే. పెద్దయ్యాక ఫ్రోబెల్ తన జీవితాన్ని గురించి రాసుకున్న ఉత్తరంలో ఈ విషయాన్ని మరవకుండా రాశాడు. నాలుగైదేళ్ళ పిల్లవాడికి ఏమి గుర్తుంటుందిలే అనుకునే మనం దీనిని గమనించాలి.

ఆ కాపరి ఇంటి చుట్టూ గోడలు, కంచెలు, ఇతర కట్టడాలు. పిల్లవాడికి ఆ పెరడు దాటి వెళ్ళే అనుమతి లేదు. పైన ఆకాశం, ఎదురుగా కొండ, కాళ్ళదగ్గర తోటలోని మొక్కలు. ఆడుకునే తోడు లేదు. అందువల్ల మొక్కలతోనే కాలక్షేపం. తండ్రి తోటపని చేసేటప్పుడు సాయపడేవాడు. తండ్రి తీరిక చేసుకుని చదవడం నేర్పబోయాడు గాని ఓపిక చాలలేదు. కొడుకు మందబుద్ధి అని తీర్మానించుకున్నాడు. ఊళ్ళో మగపిల్లల బడి ఉండగా, తీసుకెళ్ళి ఆడపిల్లల బడిలో వేశాడు. చిత్రమేమిటంటే అక్కడి శుభ్రత, నెమ్మది ఆ పిల్లవాడికి సరిపడ్డాయి.

మేనమామ అనే బంధుత్వం విలువ మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఇతణ్ణి ఆదుకున్నది కూడా మేనమామే. చనిపోయిన తల్లి అన్న హాఫ్‌మన్ స్టాట్‌ఇల్మ్ పట్టణంలో సంఘ పర్యవేక్షకుడు. ఒకసారి చూడవచ్చి, మేనల్లుడి స్థితి గ్రహించి, 1792లో తన ఇంటికి తీసుకుపోయాడు. పదేళ్ళ పిల్లవాడు మొదటిసారి ఈడువాళ్ళతో కలిసి పరుగెత్తాడు. ఒళ్ళు సాము లేక పెరిగినవాడు గనుక ఆటల్లో వెనకబడేవాడు. క్రమంగా బలం పుంజుకున్నాడు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. తండ్రీ కాపరే, మేనమామా కాపరే. రెండిళ్ళలోనూ అదే బైబిలు, అదే ప్రార్థన. ఒక ఇంట్లో పిల్లవాడు ముడుచుకుపోయాడు, మరో ఇంట్లో విచ్చుకున్నాడు.

తరువాతి ఇరవై ఏళ్ళ కథ త్వరగా చెప్పుకోవచ్చు. పదిహేనో ఏట అడవుల అధికారి దగ్గర పని నేర్చుకోవడానికి పెట్టారు. 1799లో యేనా విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ అప్పు తీర్చలేక తొమ్మిది వారాలు విశ్వవిద్యాలయం వారి జైలులో ఉన్నాడు. 1802లో తండ్రి పోయాడు. 1805లో కట్టడాల విద్య నేర్చుకుందామని ఫ్రాంక్‌ఫర్టు వెళితే, అక్కడ గ్రూనర్ అనే ప్రధానోపాధ్యాయుడు తన బడిలో పంతులు పని ఇచ్చాడు. తరగతి గదిలో పిల్లల ముందు నిలబడ్డాక, నీళ్ళలో పడ్డ చేపలా తన చోటు తనకు దొరికిందని ఫ్రోబెల్‌కు తెలిసింది.

ఆ రోజుల్లో విద్య అంటే యూరపంతా స్విట్జర్లాండు వైపు చూసేది. ఇవర్డన్‌లో పెస్టాలజీ మహాశయుడి బడి ఉంది. ఫ్రోబెల్ 1805లో అక్కడికి వెళ్ళి రెండు వారాలు చూసి వచ్చాడు. 1808 నుంచి రెండేళ్ళు తన శిష్యులు ముగ్గురితో అక్కడే ఉండి, నేర్పుతూ నేర్చుకున్నాడు. వస్తువును చేతికిచ్చి, చూపించి, ఆ తరువాత మాట చెప్పాలనే పద్ధతి ఆయన అక్కడే పట్టుకున్నాడు. ఆ తరువాత గటింగెన్, బెర్లిన్ నగరాల్లో చదివి, స్ఫటికాలు, ఖనిజాల శాస్త్రం నేర్చాడు. 1813లో నెపోలియన్ మీది యుద్ధంలో స్వచ్ఛంద సైనికుడిగా చేరాడు. ఆ సైన్యంలోనే మిడెన్‌డార్ఫ్, లాంగెతాల్ అనే ఇద్దరు వేదాంత విద్యార్థులు స్నేహితులయ్యారు. వారి స్నేహం కడదాకా నిలిచింది.

యుద్ధమైనాక బెర్లిన్‌లో ఖనిజాల ప్రదర్శనశాలలో మంచి ఉద్యోగం దొరికింది. అదే సమయంలో ఇంటి నుంచి ఒక భారం వచ్చింది. గ్రీస్‌హైమ్‌లో కాపరిగా ఉన్న అన్న క్రిస్టాఫ్, జబ్బు సైనికులకు పరిచర్య చేస్తూ 1813లో విషజ్వరం తగిలి చనిపోయాడు. భార్య, తండ్రిలేని ముగ్గురు కొడుకులు మిగిలారు. చిన్నతనంలో తనకు అండగా నిలిచింది ఈ అన్నే. ఫ్రోబెల్ ఉద్యోగం వదులుకుని, 1816 నవంబరులో గ్రీస్‌హైమ్‌లోనే బడి పెట్టాడు. విద్యార్థులు ఐదుగురు. ఆ ముగ్గురు, మరో అన్న క్రిస్టియన్ కొడుకులు ఇద్దరు. మరుసటి ఏడు బడిని కైల్‌హౌ అనే పల్లెకు మార్చాడు. స్నేహితులిద్దరూ కాపరి ఉద్యోగాల ఆశ వదులుకుని వచ్చి చేరారు. 1818లో విల్‌హెల్మీన్ అనే చదువుకున్న బెర్లిన్ స్త్రీ ఆయన్ను పెళ్ళాడి, ఆ పేదరికంలోకి కావాలనే వచ్చింది. వారికి పిల్లలు కలగలేదు. 1826లో మానవుని విద్య అనే గ్రంథం అచ్చయింది. అది చదవడం అంత సులభం కాదు. ఫ్రోబెల్ రాత ఎప్పుడూ పొగమంచులో దారిలాగే ఉంటుంది. ఆయన్ను అర్థం చేసుకోవాలంటే పిల్లల మధ్య చూడాలి.

ఆ కాలపు ప్రభుత్వాలకు స్వేచ్ఛ అన్న మాట వింటే అనుమానం. కైల్‌హౌలో రాజద్రోహం నేర్పుతున్నారని పుకారు లేచింది. విచారణకు వచ్చిన సంఘ అధికారి బడిని మెచ్చుకునే నివేదిక రాశాడు. అయినా తల్లిదండ్రులు జడిసి పిల్లలను తీసుకుపోయారు. అరవైమంది ఉన్న బడిలో వేళ్ళమీద లెక్కించేటంతమంది మిగిలారు. 1831లో ఫ్రోబెల్ స్విట్జర్లాండు చేరాడు. 1835లో బర్గ్‌డార్ఫ్ అనాథశాల ఆయన చేతికి వచ్చింది. నాలుగేళ్ళ, ఐదేళ్ళ అనాథలను దగ్గరగా చూసింది అక్కడే. అంతకు ముందే ఒక సంగతి ఆయన్ను తొలుస్తూ వచ్చింది. ఏడేళ్ళ పిల్లవాడు బడికి వచ్చేటప్పటికి సగం పని అయిపోయి ఉంటుంది, లేదా సగం చెడిపోయి ఉంటుంది. అసలు పని తొట్టి దగ్గరే మొదలు కావాలి. ఈ మాట పుస్తకాల్లో వెతికి తెలుసుకోవలసిన అవసరం ఆయనకు లేదు. ఓబర్‌వైస్‌బాహ్ పెరటిలోనే తెలుసు.

భార్య ఆరోగ్యం బాగాలేక స్వదేశం తిరిగి వచ్చి, 1837లో బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల ఆటపాటల కోసం ఒక శాల పెట్టాడు. 1839లో భార్య చనిపోయింది. 1840 వసంతంలో స్నేహితులతో కైల్‌హౌ నుంచి కొండదారిన నడిచి వస్తుండగా, ఎంతకాలంగానో వెతుకుతున్న పేరు తట్టింది. కిండర్‌గార్టెన్. అది బడి కాదు, తోట. అక్కడ ఉండేది పంతులు కాదు, తోటమాలి. మొక్కను పైకి లాగి ఎవరూ పెంచరు. పాదు తీసి, నీరు పోసి, ఎండ తగలనిచ్చి, పురుగు పట్టకుండా చూసేవరకే తోటమాలి పని. అచ్చుయంత్రం కనిపెట్టిన గూటెన్‌బర్గ్ పేర 400 ఏళ్ళ ఉత్సవం జరిగిన 1840 జూన్ 28న ఆ పేరుతో సంస్థను ప్రారంభించాడు. ఖర్చుకోసం జర్మను స్త్రీలకు వాటాలు అమ్మాలని ఏర్పాటు. అనుకున్నన్ని అమ్ముడుపోలేదు.

ఆ తోటలో ఏమి జరిగేది? ఫ్రోబెల్ పిల్లలకోసం కొన్ని ఆటవస్తువులు వరుసగా తయారుచేసి వాటికి కానుకలు అని పేరు పెట్టాడు. మొదటి కానుక ఒడిలోని బిడ్డకు. ఉన్నితో అల్లిన మెత్తని బంతులు ఆరు, ఆరు రంగులు, ఒక్కొక్కదానికి ఒక దారం. తల్లి బంతిని బిడ్డ కళ్ళముందు ఊపుతుంది, పైకి లాగుతుంది, గుప్పిట్లో దాచి మళ్ళీ చూపిస్తుంది. ఉంది, లేదు, వచ్చింది, పోయింది. మాట రాని బిడ్డకు ఇది మొదటి పాఠం. రెండో కానుక కొయ్యతో చేసిన గుండు, ఘనం, స్తూపం. గుండు దొర్లుతుంది, ఘనం కదలదు, స్తూపం ఒకవైపు నిలబడుతుంది, మరోవైపు దొర్లుతుంది. ఘనాన్ని దారానికి కట్టి గిరగిరా తిప్పితే అందులో స్తూపం కనబడుతుంది! ఖనిజాల శాస్త్రజ్ఞుడు పసిపిల్లల బొమ్మలు చేస్తే ఇలా ఉంటాయి.

మూడో కానుక నాకు అన్నిటికంటె ఇష్టం. చిన్న కొయ్యపెట్టెలో రెండంగుళాల ఘనం. దానిని మూడు వైపులా కోస్తే ఎనిమిది చిన్న ఘనాలు. పిల్లవాడు బొమ్మ చేతికివ్వగానే విరగ్గొడతాడని మనం కోప్పడతాం. లోపల ఏముందో చూడాలని వాడి తపన. అందుకే ఫ్రోబెల్ విడగొట్టడానికీ మళ్ళీ అతకడానికీ వీలైన బొమ్మే ఇచ్చాడు. ఆ ఎనిమిది ముక్కలతో కుర్చీ కట్టవచ్చు, మెట్లు కట్టవచ్చు, గుడి కట్టవచ్చు. నేలమీద పువ్వులాగా పేర్చవచ్చు. సగం, పావు, అరపావు లెక్క నేర్చుకోవచ్చు. ఒక్క ముక్క కూడా వృథాగా పక్కన పడేయకూడదు. ఆట ముగిశాక మొత్తం మళ్ళీ ఒక ఘనంగా పేర్చి పెట్టెలో పెట్టాలి. ఐదో కానుకలో ముక్కలు 39 వరకు పెరుగుతాయి. వీటితోపాటు కాగితం మడవడం, కాగితపు పట్టీల అల్లిక, బంకమట్టి బొమ్మలు, నానబెట్టిన బటానీ గింజలకు పుల్లలు గుచ్చి ఇళ్ళు కట్టడం వంటి పనులు. ఆవరణలో ప్రతి బిడ్డకూ ఒక చిన్న మడి. దానితోపాటు అందరికీ కలిపి పెద్ద మడి. తన మడికి నీళ్ళు పోసుకున్న బిడ్డ అందరి మడికీ పోయాలి.

ఇన్నిటిలో పలక, బలపం లేవు. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నా పెద్ద కొడుకుకు మూడేళ్ళు నిండీ నిండకముందే పలక చేతికిచ్చి, అక్షరం వంకర పోయిందని వేళ్ళమీద కొట్టినవాణ్ణి నేను. నలుగురిలో నా కొడుకు ముందుండాలని నా ఆత్రం. ఇప్పుడు ఎల్.కె.జి. పిల్లలు వీపున సంచి మోసుకుంటూ, ఇంటికి వచ్చి కాపీలు రాయలేక నిద్రలో జోగుతుంటే చూస్తున్నాను. తోట పేరు మిగిలింది, తోట పోయింది. నాకు ఆత్రం పుట్టించినది లోకమే అని తప్పించుకోవచ్చు గాని, దెబ్బ వేసిన చెయ్యి నాదే.

1844లో ఫ్రోబెల్ తల్లుల కోసం ఆటపాటల పుస్తకం ఒకటి బొమ్మలతో, రాగాలతో అచ్చువేయించాడు. బిడ్డ కాళ్ళు తన్నుతుంటే తల్లి అరచేతులు అడ్డుపెట్టి బలం ఇవ్వడం, వేళ్ళు ముడిచి గూడు చేసి చూపించడం, వేళ్ళకు పేర్లు పెట్టి ఇంట్లోవారిలా పలకరించడం, ఇవే అందులోని సంగతులు. మన తల్లులు తారంగం ఆడిస్తూ, గుప్పిట్లో దాచి చూపిస్తూ చేసేది ఇదే గదా అని మీరు అనవచ్చు. నిజమే. ఆయన దానిని తల్లుల దగ్గరే, పల్లెటూరి తల్లుల దగ్గరే నేర్చుకున్నాడు. అమ్మ ఆటపాట వ్యర్థ కాలక్షేపం కాదనీ, అందులో మొదటి విద్య ఉందనీ తెలిసి చేయాలనే ఆయన అడిగాడు. ఆ పని తానెరిగిన తల్లి నుంచి ఆయనకు అందలేదు. మన దేశంలో 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీ పథకం బిడ్డ తిండినీ టీకాలనూ ఆటపాటలనూ ఒకచోట చేర్చింది. 2020 జాతీయ విద్యా విధానం, మెదడు ఎదుగుదలలో 85 శాతానికి మించి ఆరేళ్ళ లోపే జరుగుతుందని చెప్పి, మూడో ఏటినుంచి పునాది దశగా లెక్కించింది. ఫ్రోబెల్ దగ్గర అటువంటి లెక్కలు లేవు.

1849లో ఆయన లీబెన్‌స్టైన్ అనే ఊరికి వచ్చాడు. అది ధనికులు ఆరోగ్యస్నానాలకు వచ్చే చోటు. అరవై ఏడేళ్ళ ముసలాయన, పొడుగు జుట్టుతో, పల్లెపిల్లల చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ గంతులు వేస్తుంటే ఊరివాళ్ళు పిచ్చి ముసలాడు అని పేరు పెట్టారు. అక్కడికి వచ్చిన బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్ అనే జమీందారీ వంశపు స్త్రీ ఆ మాట విని, వెళ్ళి చూసి, అక్కడే నిలిచిపోయింది. ఆమె పలుకుబడి వల్ల మైనింగెన్ ప్రభువు మారియెంతాల్ భవనాన్ని ఇచ్చాడు. యువతులు వచ్చి శిక్షణ పొందారు. పంతులు పని మగవారిది అనుకునే కాలంలో చదువుకున్న ఆడపిల్లలకు గౌరవమైన వృత్తి ఒకటి అలా పుట్టింది. వారిలో లూయిసె లెవిన్ ఒకరు. ఇంటిపనికి సాయంగా కైల్‌హౌకు వచ్చి, పిల్లల పని నేర్చిన ఆమెను ఫ్రోబెల్ 1851లో పెళ్ళి చేసుకున్నాడు.

పెళ్ళయిన నెలలోపే దెబ్బ తగిలింది. 1851 ఆగస్టు 7న ప్రష్యా ప్రభుత్వం తన రాజ్యంలో కిండర్‌గార్టెన్‌లను నిషేధించింది. ఇవి సామ్యవాదం, నాస్తికత్వం నేర్పే పథకంలో భాగమని మంత్రి ఫాన్ రౌమర్ కారణం చూపాడు. అసలు జరిగింది వేరు. కార్ల్ ఫ్రోబెల్ అనే మరొకరు ఆడపిల్లల ఉన్నత విద్యనూ కిండర్‌గార్టెన్‌నూ కలిపి ఒక చిన్న పుస్తకం రాశాడు. ఇంటిపేరు ఒకటి కావడంతో మంత్రి ఇద్దరినీ ఒకటిగా చుట్టేశాడు. ఆ కార్ల్ ఎవరనుకున్నారు? విషజ్వరంతో పోయిన అన్న క్రిస్టాఫ్ కొడుకు. ఎవరికోసం బెర్లిన్ ఉద్యోగం వదిలి బడి పెట్టాడో, ఆ ముగ్గురిలో ఒకడు. కార్ల్ అన్న యూలియస్ 1848 విప్లవంలో పాల్గొని మరణశిక్ష పడి క్షమాభిక్షతో బయటపడినవాడు. ఆ పేరు కూడా ప్రభుత్వానికి చేదే.

ఫ్రోబెల్ తాను వేరు, కార్ల్ వేరు అని రుజువులు పంపాడు. రాజుకు విన్నపం పెట్టుకున్నాడు. ఫలితం లేదు. పొరపాటని తేలినా ఆజ్ఞ వెనక్కి తీసుకోవడం ప్రభుత్వాలకు కష్టం. కాపరి ఇంట పుట్టి, కాపరి ఇంట పెరిగి, పిల్లల ప్రతి ఆటలోనూ సృష్టికర్త చెయ్యి చూపించాలని తాపత్రయపడినవాడికి నాస్తికుడనే పేరు వచ్చింది. నిజానికి ఆయన విశ్వాసం కొందరు వేదాంతులకు సంపూర్ణంగా తోచలేదు. బిడ్డ పాపంలో పుట్టిందనే మాటకంటె బిడ్డలో దేవుడు ఉంచిన మంచిని ముందు చూడాలనేది ఆయన పట్టుదల. ఆ వాదం ఇక్కడ తేల్చలేను. పిల్లలు ప్రభువు దగ్గరకు వచ్చినప్పుడు అడ్డుకున్నవారు శిష్యులేనని మాత్రం సువార్త చదివే మనకందరికీ తెలుసు.

1852 ఏప్రిల్‌లో 70వ పుట్టినరోజును పిల్లలు పాటలతో జరిపారు. కొద్దివారాల తరువాత గోథా పట్టణంలో జరిగిన ఉపాధ్యాయ మహాసభకు ఆయన వెళితే సభ అంతా లేచి నిలబడింది. జూన్ 21న మారియెంతాల్‌లో కన్నుమూశాడు. నిషేధం అప్పటికి ఇంకా తొలగలేదు. 1860లో తొలగింది.

నిషేధమే విత్తనాలను దూరం చల్లింది. బెర్తా దేశదేశాలు తిరిగి ఈ పద్ధతిని చెప్పింది. 1856లో మార్గరెథె షుర్జ్ అమెరికాలో విస్కాన్సిన్‌లోని వాటర్‌టౌన్‌లో జర్మను పిల్లలకోసం తోట పెట్టింది. 1860లో ఎలిజబెత్ పీబాడీ బోస్టన్‌లో ఇంగ్లీషులో పెట్టింది. 1886లో అమెరికా వెళ్ళిన మన పండిత రమాబాయి ఈ శిక్షణ పొంది, 1889లో బొంబాయిలో శారదా సదన్ తెరిచింది. అంతా మంచే జరిగిందని చెప్పలేను. కొందరు శిష్యులు కానుకలను కవాతులా మార్చి, పిల్లలందరూ ఒకేసారి ఒకే ముక్కను ఒకే చోట పెట్టాలనేంతవరకు తీసుకువెళ్ళారు. తోటమాలి చనిపోయాక కంచె ఎత్తుగా కట్టి మొక్కను మరచినట్టయింది.

లూయిసె భర్త పోయాక దాదాపు అర్ధ శతాబ్దం బతికింది. హాంబర్గ్‌లో యువతులకు శిక్షణ ఇస్తూ, 1900లో కన్నుమూసింది. ఫ్రోబెల్ సమాధి మారియెంతాల్‌కు దగ్గరలోని ష్వైనా గ్రామంలో ఉంది. దాని మీద కింద ఒక రాతి ఘనం, ఆపైన స్తూపం, అన్నిటికీ పైన గుండు నిలబెట్టారు. రెండో కానుక పెట్టెలోని ఆ మూడు బొమ్మలే.